తిత్తికి కొట్టిన బిళ్ళ

...ఆగు మనవరాలా, అక్కడ స్టోరు కీపరు అని రాయకు. అలా రాస్తే ఆయన ఎవరో ఎవరికీ తెలీదు. బిళ్ళలాయన అని రాయి. యూనివర్సిటీలో పెద్దాఫీసరు దగ్గర్నుంచి గేటు దగ్గర సైకిళ్ళకి చీటీలిచ్చేవాడి దాకా అందరూ ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళు. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరి నోటా విన్లేదు నేను.

ఎందుకంటే యూనివర్సిటీలోకి ఏ సామాను వచ్చినా, కుర్చీ గానీ ఫ్యాను గానీ, చీమని ఏనుగంత చేసి చూపించే మైక్రోస్కోపు గానీ, ముందు ఈయన గదికి రావాలి. ఈయన చిన్న అల్యూమినియం బిళ్ళ తీసుకుని, దాని మీద సుత్తితో ఒక్కొక్క అంకే కొట్టి, ఆ బిళ్ళని సామానుకి బిగించి, రిజిస్టరులో ఎక్కిస్తే గానీ అది పుట్టినట్టు కాదు. పాడైపోయాక ఆ బిళ్ళ పీకి ఎర్ర సిరాతో రాస్తే గానీ అది చచ్చినట్టూ కాదు. నేను ఆయన దగ్గర పద్దెనిమిదేళ్ళు అటెండరుగా చేశాను. సుత్తి అందించడం, నిచ్చెన పట్టుకోవడం, టీ తేవడం నా పని. కాబట్టి చాలా మటుకు నా కళ్ళతో చూసిందే చెప్తున్నా. మిగతాది తర్వాత ఆయనే చెప్పాడు.

ఆయన గది కెమిస్ట్రీ బిల్డింగు అడుగున ఉండేది. పధ్నాలుగు మెట్లు దిగాలి. పైన సన్నగా ఒక కిటికీ. అందులోంచి బయట నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపించేవి. చెప్పుల్ని బట్టి మనిషిని చెప్పేవాడు. "అదిగో లైబ్రరీ మేడమ్. కొత్త చెప్పులు కరుస్తున్నట్టున్నాయి, పాపం," అనేవాడు. ఆ మేడమ్‌కి ఈయన మొహం కూడా తెలిసుండదు.

పెళ్ళి చేసుకోలేదు. తన అక్క ఉన్నన్నాళ్ళూ ఆ అక్కా బావల దగ్గరే ఉన్నాడు. అక్క పోయాక ఆ ఇంట్లో ఆయన మంచం మెల్లిగా వరండాలోకి వచ్చింది. వరండాలోంచి ఆయనే బయటికొచ్చి ఒక గది అద్దెకి తీసుకున్నాడు. "ఇంట్లో చెంచాలకి కూడా నంబర్లు కొట్టారంట కదా సారూ!" అని ఆఫీసు కుర్రకారు ఎకసెక్కాలాడేవాళ్ళు. "ఉన్నవి రెండే నాయనా, ఏది ఏదో నాకు గుర్తే," అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు, ఆయనా నవ్వేవాడు. నాకు మటుకు నవ్వు వచ్చేది కాదు.

ఏడాదికోసారి లెక్క జరిగేది. కమిటీ వాళ్ళు ముగ్గురూ, ఈయనా, నేనూ గదిగదికీ తిరిగి, రిజిస్టరులో ఉన్న ప్రతి వస్తువూ ఉందో లేదో చూడాలి. మూడు వారాల పని. ఆ మూడు వారాలూ ఆయనకి పెళ్ళివారి మర్యాదే. ఎక్కడికెళ్ళినా కుర్చీ వేసేవాళ్ళు, టీ ఇచ్చేవాళ్ళు. విరిగిన స్టూళ్ళు ఏ మూల దాచారో బయటపడుతుందని వాళ్ళ భయం! అదేమైనా, ఆయన మాత్రం ప్రతి కప్పూ ఆఖరి చుక్క దాకా తాగేవాడు. మిగతా ఏడాదంతా ఆ పధ్నాలుగు మెట్లూ దిగేది నేనూ, ఒక పిల్లీ.

ఇక మా బావ సంగతి. అదే, నీ గాజు తాత. మా అక్క మొగుడు. ఆయన కెమిస్ట్రీ వాళ్ళ గాజు మేస్త్రీ. గాజు గొట్టాన్ని మంటలో పెట్టి తిప్పుతూ, కరిగాక రెండో కొసలోంచి ఊది, బుడ్డి కావాలంటే బుడ్డి, వంకర గొట్టం కావాలంటే వంకర గొట్టం చేసిచ్చేవాడు. ఆయనకి ఒక కాలి తిత్తి ఉండేది. కుట్టుమిషను తొక్కినట్టు తొక్కితే గాలి మంటలోకి పోతుంది. చెక్కా తోలూ. వాళ్ళ నాన్న చేయించినది, తన చేతి పనితో పాటు కొడుక్కి ఇచ్చి పోయినది. యూనివర్సిటీ వాళ్ళు కరెంటు మీద నడిచే గాలి మిషను కొనిచ్చారు. ఒక్క నెల వాడి మూల పడేశాడు. "ఆయాసమొచ్చిన ఎద్దులా రొప్పుతుంది, మంట నా మాట వినట్లేదు. ఎంత గాలి కావాలో నా పాదానికి తెలుసు, దానికేం తెలుసు?" అని ఇంటి నుంచి తన తిత్తి తెచ్చుకున్నాడు.

రోజూ సాయంత్రం నాలుగింటికి బిళ్ళలాయన మెట్లెక్కి మా బావ గదికి వెళ్ళేవాడు. పగిలిన గాజు సామాను లెక్క రాసుకోడానికని పేరు. అరగంట మంట పక్కన కూర్చునేవాడు.

"ఏమయ్యా బిళ్ళలూ, ఇవాళ ఎన్ని పుట్టాయి, ఎన్ని చచ్చాయి?" అనేవాడు మా బావ, కళ్ళు మంట మీంచి తిప్పకుండానే.

"ఆరు పుట్టాయి మేస్త్రీ. చావులేం లేవు."

"నేను పోతే ఏ సిరాతో రాస్తావ్?"

"మీకు నంబరు లేదుగా. నంబరు లేనివి నా పుస్తకంలో పోవు."

రోజూ ఇదే సరసం. అరిగిపోయిన మాటలే, అయినా ఇద్దరికీ కొత్తే. రోజు మొత్తంలో బిళ్ళలాయన పని మాట కాకుండా వేరే మాట మాట్లాడేది ఆ అరగంటే. మిగతా ఇరవై మూడున్నర గంటలూ గోడలతోనే.

అలా ఉండగా ఒక ఏడాది కొత్త ఆర్డరు వచ్చింది. గదుల్లో బిళ్ళ లేని సామాను ఏది కనబడినా లెక్కలో లేని సామాను కిందే లెక్క, తీసుకెళ్ళి పాత ఇనుము గుట్టలో వేసేయమని. ఆర్డరు వేసిన ఆఫీసరు తన మాట కింద పడనిచ్చే మనిషి కాదు. కమిటీ మర్నాడు పొద్దున గాజు గదికి వస్తుందనగా బిళ్ళలాయనకి తిత్తి గుర్తొచ్చింది. నన్ను వెంటబెట్టుకుని పరిగెత్తాడు.

"మేస్త్రీ, దీన్ని ఇవాళే ఇంటికి పంపించేయండి."

"పంపించేసి రేపు నోటితో మంట ఊదమంటావా? చేతిలో పని సగంలో ఉంది."

"అయితే వాళ్ళు ఎత్తుకుపోతారు."

"నువ్వున్నావుగా, బిళ్ళ కొట్టెయ్. దానికీ ఒక నంబరు వస్తుంది, దానిదేం పోయింది?"

బిళ్ళలాయన కాసేపు తటపటాయించాడు. తర్వాత సుత్తి అడిగాడు. నేనే అందించాను. నాలుగు వేల నాలుగు వందల పదిహేడు. చెక్కకి రెండు చిన్న మేకులతో బిగించాడు. కిందికొచ్చి రిజిస్టరు తీశాడు. ఎలా వచ్చింది అనే గడి ఒకటుంటుంది అందులో. కొన్నది, ఎవరో ఇచ్చింది, ఇంకో డిపార్టుమెంటు నుంచి వచ్చింది, ఏదో ఒకటి రాయాలి. మేస్త్రీ సొంతం అని రాయడానికి లేదు, అలా రాస్తే అది గదిలో ఉండకూడదు. కలం పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి 'ముందు నుంచీ ఉన్నది' అని రాశాడు. ఇంకు ఆరేదాకా పుస్తకం మూయలేదు. మర్నాడు కమిటీ వచ్చి బిళ్ళ చూసి, టిక్కు పెట్టుకుని పోయింది. ఆ రోజు మా బావ ఆయనకి రెండు కప్పుల టీ తాగించాడు.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు గడిచాయి. బిళ్ళ మీద మసి పట్టింది. ఏటా లెక్కలో టిక్కు పడుతూనే ఉంది గానీ, ఆ రాత అబద్ధమన్న సంగతి కొట్టినవాడికీ కొట్టించుకున్నవాడికీ గుర్తు లేదు.

మా బావ రిటైరయ్యాడు. దండ వేశారు, నాలుగు మంచి మాటలు చెప్పారు. అయ్యాక తిత్తిని తోపుడు బండి మీద తాడుతో కట్టించుకుని గేటు దగ్గరికి వచ్చాడు. ఇంట్లో పంచలో పెట్టుకుని కాలేజీ ల్యాబుల వాళ్ళ పగిలిన సామాను అతికిస్తూ కాలక్షేపం చెయ్యాలని ఆయన ఆలోచన. గేటు వాచ్‌మన్ కొత్తవాడు. బండి చుట్టూ తిరిగి, చెక్క మీద ఏదో తగిలితే తువ్వాలుతో తుడిచాడు. నంబరు తెల్లగా బయటపడింది.

"ఇది యూనివర్సిటీ సొమ్ము కదండీ," అన్నాడు.

"మా నాన్న సొమ్ము," అన్నాడు మా బావ.

"మీ నాన్నగారికి నంబరెవరు వేశారు?"

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. మెళ్ళో దండ ఇంకా తీయలేదు ఆయన. సెక్యూరిటీ ఆఫీసరు వచ్చాడు, జనం మూగారు. మా బావ మాత్రం నిబ్బరంగానే ఉన్నాడు. "బిళ్ళలాయన్ని పిలవండి, ఆయనే చెప్తాడు," అన్నాడు.

నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను. ఆయన రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చాడు. సెక్యూరిటీ ఆఫీసరు అడిగాడు, "ఇది ఎవరిదండీ?"

చూడు మనవరాలా, ఒక్క ముక్క చాలు. 'మేస్త్రీది' అంటే అయిపోయేది. కానీ ఆ ముక్క అంటే, పుస్తకంలో రాసింది అబద్ధమని నలుగురిలో ఒప్పుకున్నట్టు. పదకొండు రిజిస్టర్లు రాశాడాయన. ఇరవై ఏడేళ్ళలో ఒక్క కొట్టివేత లేదు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, ఇల్లు లేదు. నాది అని చెప్పుకోడానికి ఆయనకున్నవల్లా ఆ పదకొండు పుస్తకాలు. వాటికి మచ్చ పడితే ఇంకేం మిగులుతుంది? ఆ ఒక్క క్షణంలో ఆయన బుర్రలో తిరిగింది అదే. పుస్తకం తీశాడు, పేజీ వెతికాడు, వేలు పెట్టాడు. తల మాత్రం ఎత్తలేదు.

"పుస్తకంలో... యూనివర్సిటీదనే ఉంది."

మా బావ తనే తాడు ముడి విప్పాడు. తిత్తిని కిందికి దించి గోడకి చేరేశాడు. "సరేనయ్యా. నీ పుస్తకం చల్లగా ఉండాలి," అన్నాడు. ఖాళీ బండి వెనకాల నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. దండ కూడా తీయలేదు.

తిత్తిని మేమిద్దరం మోసుకుని కిందికి తెచ్చాం. "నేను అబద్ధం చెప్పలేదయ్యా. రాసి ఉన్నది చదివాను," అన్నాడు. రాసిందెవరు మరి? ఆ మాట నా నాలిక చివరి దాకా వచ్చింది, మింగేశాను. ఆయనకి మాత్రం తెలియదా?

ఆ తర్వాత నాలుగు కొడితే ఆయన లేచేవాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? పైదాకా వెళ్ళి, తాళం వేసిన గాజు గది చూసి, తిరిగొచ్చేవాడు. ఇక గాజు సామాను బయటి నుంచి కొంటున్నారు. ఒక ఆదివారం మా బావ ఇంటికి వెళ్ళాడు. మా అక్క తలుపు తీసి, "ఇంట్లో లేరండీ," అంది. గుమ్మం పక్కనే మా బావ చెప్పులున్నాయి. చెప్పుల్ని బట్టి మనిషిని చెప్పేవాడికి అది తెలియకుండా ఉంటుందా? "వచ్చానని చెప్పండమ్మా," అని వచ్చేశాడు. మళ్ళీ వెళ్ళలేదు.

ఏడాది తిరిగి లెక్క వచ్చింది. ఈసారి కమిటీలో ఒక ఆఫీసరు మేడమ్, ఒక ముసలి ప్రొఫెసరు, ఒక గుమాస్తా. గుమాస్తా చదువుతాడు, ఈయన ఉంది అంటాడు, మేడమ్ టిక్కు పెడుతుంది. టేబులు ఫ్యాను రెండు. ఉన్నాయి. ఇనుప బీరువా ఒకటి. ఉంది. అలా సాగిపోతూ మా స్టోరు గదికే వచ్చారు.

"నాలుగు వేల నాలుగు వందల పదిహేడు. కాలి తిత్తి ఒకటి. ముందు నుంచీ ఉన్నది," అని చదివాడు గుమాస్తా.

గుమాస్తా మళ్ళీ చదివాడు.

"ఉంది," అన్నాడు బిళ్ళలాయన. "కానీ మనది కాదు."

"మనది కాకపోతే మన నంబరెందుకుంది?" అంది మేడమ్.

"నేనే కొట్టాను. అది గాజు మేస్త్రీది. ముందు నుంచీ ఉన్నదని రాసింది అబద్ధం."

మేడమ్ చెడ్డ మనిషేం కాదు. పెన్ను కింద పెట్టి నెమ్మదిగా చెప్పింది. "ఇంకో మూడేళ్ళలో రిటైరవుతారు కదండీ. ఒకటి అబద్ధమని మీరే రాసిస్తే, మిగతావి నిజమని నేనెలా సంతకం పెట్టను? మొత్తం తిరగదోడాలి. మీరు ఆ మాట అనలేదు, నేను వినలేదు. టీ తాగండి, ముందుకి పోదాం."

టీ ఎదురుగానే ఉంది. ఆయన కప్పు వైపు చూశాడు. "రాసుకోండి మేడమ్," అన్నాడు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఆ కాలు కడుక్కోడానికి ఆయనకి ఎనిమిది నెలలు పట్టింది. తాళం చెవులు తీసేసుకున్నారు. వరండాలో ఒక స్టూలు వేసి, పిలిచినప్పుడు రమ్మన్నారు. పదకొండు రిజిస్టర్లూ మొదటి పేజీ నుంచి మళ్ళీ లెక్క. ప్రతి గదీ, ప్రతి బీరువా, ప్రతి మూలా. దాచిన విరిగిన స్టూళ్ళన్నీ బయటపడ్డాయి, ఎవరెవరికో సంజాయిషీ కాగితాలు వెళ్ళాయి. దాంతో యూనివర్సిటీ మొత్తానికీ ఆయన మీద ఒళ్ళు మండింది. "తన తప్పు తను కక్కుకోక మా నెత్తికి రుద్దాడు," అన్నారు. ఏడాదిలో ఆ మూడు వారాలు టీ ఇచ్చిన చేతులే ఆయన్ని చూసి తలుపులు మూశాయి. ఆ స్టూలు దగ్గర ఆయన పక్కన కూర్చుంటే నాక్కూడా మాటలు పడ్డాయి. రోజుకి రెండుసార్లు నీళ్ళిచ్చేవాణ్ణి, అంతే. ఇంకా ఎక్కువ చేసుండాల్సింది.

చివరికి కొండని తవ్వి ఎలుకని పట్టారు. తొమ్మిది వేల చిల్లర వస్తువుల్లో ఒక్క తప్పు దొరకలేదు, ఆయన చెప్పింది తప్ప. అయినా రూలు రూలే. ఆయన సర్వీసు పుస్తకంలో తప్పుడు రాత రాశాడని ఎక్కించారు. తాళం చెవులు ఇంకొకరికి ఇచ్చారు. కానీ తిత్తిని లెక్కలోంచి తీసేయమని కాగితం మాత్రం వచ్చింది. ఆ రోజు రిజిస్టరు ముందు కూర్చుని, స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో ఆ వరసని ఆయనే కొట్టేశాడు. కింద సంతకం చేశాడు. గీత ఎక్కడా వణకలేదు. నేను చూశాను.

తర్వాత బిళ్ళ పీకాడు. మేకుల బెజ్జాలు మైనంతో పూడ్చి, గుడ్డతో రుద్దాడు. తోలుకి నూనె పట్టించాడు. ఇద్దరం బండి మీద మా అక్క ఇంటికి తీసుకెళ్ళాం. మా బావ కళ్ళజోడు బాగుచేయించుకోడానికి బజారుకి వెళ్ళాడు, ఈసారి నిజంగానే లేడు. బిళ్ళలాయన తిత్తిని పంచలో దించి, "పాత సామాను వేలంలో వచ్చిందని చెప్పండమ్మా," అన్నాడు.

దారిలో నేను ఊరుకోలేకపోయాను. "అదేంటి సారూ, అంత పడి, వేలమని చెప్పారేంటి?"

"నిజం చెప్తే ఆయన నన్ను క్షమించాల్సి వస్తుందయ్యా. క్షమించకపోతే ఆయనకి పాపం చేసినట్టు అనిపిస్తుంది. ఆ బరువు ఆయన మీదెందుకు? నువ్వూ చెప్పకు."

చెప్పనని మాటిచ్చాను.

మా బావ వచ్చాడు, తిత్తిని చూశాడు. "వేలంలో కొన్నాడా? నా సొమ్ము నాకే దానం చేశాడన్నమాట, మహానుభావుడు!" అని, దాన్ని మెట్ల కిందికి తోసి దుప్పటి కప్పేశాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. బెల్లం కొట్టిన రాయిలా ఊరుకున్నాను. ఆరేళ్ళైంది. ఒక్కసారి కూడా తొక్కలేదు ఆయన దాన్ని. ఇచ్చిన మాట కోసమే ఊరుకున్నానని అనుకుంటూ వచ్చాను. నిజానికి బావకి కోపమొస్తుందని భయం. మా అక్క ఇంట్లో నా కుర్చీ పోతుందని భయం. ఆయన పుస్తకాన్ని చూసుకున్నాడు, నేను కుర్చీని చూసుకున్నాను. పెద్ద తేడా ఏముంది?

నెలకోసారి బిళ్ళలాయన్ని చూసి వస్తుంటాను. ఎప్పుడెళ్ళినా తలుపు తీస్తూనే మొదటి మాట, "మేస్త్రీ ఎలా ఉన్నారు?" బాగున్నారంటే, "చూపు?" అనేవాడు. అదీ బాగుందంటే అప్పుడు లోపలికి రమ్మనేవాడు. మొన్న వెళ్ళాను. రమ్మన్నాడు, కూర్చోమన్నాడు, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పాడు, కింది వాటాలోకి ఎవరో కొత్తవాళ్ళు వచ్చారన్నాడు. మేస్త్రీ గురించి మాత్రం అడగలేదు. వెళ్ళొస్తానని లేచాను. గుమ్మం దాకా వచ్చాడు. అప్పుడైనా అడుగుతాడేమోనని చెప్పులు నెమ్మదిగా వేసుకున్నాను. అడగలేదు. తలుపు వేసుకున్నాడు.

అందుకే నిన్ను కూర్చోబెట్టి ఇదంతా రాయించాను మనవరాలా. నాకంత చదువు లేదు, ఫోనులో చెబుదామంటే మీ గాజు తాత సగంలోనే పెట్టేస్తాడు. నువ్వంటే ఆయనకి ప్రాణం. ఆదివారం వెళ్ళి ఇది చదివి వినిపించు. ఎడమ చెవి పనిచేయదు, కుడి పక్కన కూర్చో. తొందరపడకుండా, నేను చెప్పినట్టే నెమ్మదిగా చదువు. గేటు దగ్గరి మాటలొచ్చినప్పుడు కోపంతో లేచి పక్క గదిలోకి వెళ్ళిపోతాడు. వెళ్ళినా ఆపకు, గొంతు కాస్త పెంచి చదువు, అక్కణ్ణుంచి వింటాడు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని నన్ను తిడితే తిట్టనీ, అడ్డు పడకు. అంతా అయ్యాక బిళ్ళలాయన ఇల్లెక్కడని అడిగితే, ప్రింటింగు ప్రెస్సు పక్క సందులో, పై అంతస్తు, రెండో తలుపు అని చెప్పు. అడక్కపోయినా చెప్పు.